వేళ్ళు దాచుకున్న పిల్ల

శీర్షిక: మన ఇల్లు – మన పిల్లలు



గత రెండు మూడు సంచికలుగా ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో ఒకే మాట మళ్ళీ మళ్ళీ కనిపిస్తోంది. బరంపురం నుంచి ఒక తల్లి, హోసూరు నుంచి ఒక తాతగారు, బళ్ళారి నుంచి ఒకే ఇంటి తోడికోడళ్ళు ఇద్దరు రాశారు. అందరిదీ ఒకటే బాధ. "మా పిల్ల అన్నిట్లో చురుకే గానీ లెక్కల పుస్తకం తీయగానే ముఖం ముడుచుకుంటుంది, ఏం చేయమంటారు?" అని. ఆ పిల్లల వయస్సులు చూస్తే అయిదు, ఆరు, ఏడు. ఇంకా పాలపళ్ళు ఊడుతున్న వయస్సు.

ఈ ఉత్తరాలకు జవాబు రాయకుండా ఇన్నాళ్ళూ దాటవేస్తూ వచ్చాను. ఒంట్లో బాగుండడం లేదని సంపాదకులతో అన్నాను గానీ, అసలు కారణం అది కాదు. జవాబు రాయాలంటే మా ఇంట్లో జరిగినది చెప్పాలి. అందులో తప్పు నాది. ముప్ఫై ఏళ్ళు చిన్న తరగతులకు పాఠాలు చెప్పిన మనిషికి ఆ మాట కాగితం మీద పెట్టడం అంత సులువు కాదు. ఈసారి పెడుతున్నాను.

మేముండేది షోలాపూర్లో. మా పెద్దలు తెలంగాణ నుంచి మగ్గం పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, గడప దాటితే మరాఠీ. మా అబ్బాయి చద్దర్ల దుకాణంలో పని చేస్తాడు. వాడి కూతురు మరాఠీ బడిలో చదువుతుంది. ఇంట్లో అందరం చిన్ని అంటాం. ఇది పోయినేడు, అది రెండో తరగతిలో ఉన్నప్పటి మాట.

వర్షాకాలం. సాయంత్రం దీపాలు పెట్టే వేళ. నేను గోడకు ఆనుకుని కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. నా ముందు చిన్ని నాకు వీపు పెట్టి కూర్చుంది. దాని ముందు మా కోడలు పుస్తకం పట్టుకుని మరాఠీలో అంకెలు చెబుతోంది. "సత్తావీస్" అన్నది కోడలు. చిన్ని 72 అని రాసింది. "బావన్న" అన్నది. చిన్ని 25 అని రాసింది. కోడలు రెండింటినీ కొట్టివేసి, "సత్తావీస్ అంటే 27, బావన్న అంటే 52. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?" అన్నది. తర్వాత కూడికలు. "ఎనిమిదీ అయిదూ ఎంత?"

చిన్ని రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. వాళ్ళమ్మకు కనిపించదు గానీ వెనక కూర్చున్న నాకు కనిపిస్తోంది. ఆ చిన్న వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకుంటున్నాయి. కాసేపటికి "పదమూడు" అన్నది. జవాబు సరైనదే. "మరి ఇంతసేపు ఎందుకు? వేళ్ళ మీద లెక్క పెడుతున్నవా?" అని అడిగింది కోడలు. "లేదు" అన్నది చిన్ని.

ఆ రాత్రి నా పక్కన పడుకుని అది మెల్లగా అన్నది: "బాపమ్మా, నాకు లెక్కలు రావు. నేను అన్నీ దొంగ లెక్కలే చేస్త."

"దొంగ లెక్క ఏంది బిడ్డా?"

"వేళ్ళ మీద చేస్తే దొంగ లెక్కంట. నాన్న జెప్పిండు."

నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ మాట మా అబ్బాయిది కాదు, నాది. బడిలో ఏ పిల్లవాడైనా బల్ల కింద వేళ్ళు లెక్కపెడుతూ కనిపిస్తే "దొంగ లెక్కలు వద్దు, నోటి లెక్క చెప్పు" అనేదాన్ని. చేతులు నెత్తి మీద పెట్టించి జవాబు చెప్పించేదాన్ని. స్కేలుతో వేళ్ళ మీద కొట్టిన రోజులూ ఉన్నాయి. ఆ రోజుల్లో అందరం అదే మంచి బోధన అనుకునేవాళ్ళం.

మర్నాడు మా అబ్బాయిని అడిగాను. వాడు నవ్వాడు. "నువ్వే కదమ్మా అనేదానివి? మూడో తరగతిలో నీ క్లాసులోనే ఉన్న కదా నేను. అందరి ముంగట చేతులు నెత్తి మీద పెట్టుకొమ్మన్నవ్. జవాబు వచ్చినా నోటి నుంచి రాలేదు. అప్పటి నుంచి లెక్క అంటే చేతులు కట్టేసినట్టే ఉంటది నాకు" అన్నాడు. దుకాణంలో ఈనాటికీ పెద్ద బిల్లు ఉంటే పక్కవాడికి ఇచ్చి కూడించుకుంటాడట. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. కన్నతల్లినే, పైగా పంతులమ్మను!

సరే, జరిగిందేదో జరిగింది. ఆ రోజు నుంచి నేను మళ్ళీ విద్యార్థినయ్యాను. నేను తెలుసుకున్నవి, మా ఇంట్లో చేసి చూసినవి మీ ముందు పెడుతున్నాను.

వేళ్ళు తప్పు కాదు

మా అమ్మ బడి గడప తొక్కలేదు. బీడీలు చుట్టేది. ఇరవై అయిదు బీడీలకు ఒక కట్ట. నాలుగు కట్టలైతే నూరు, నలభై కట్టలైతే వెయ్యి. కూలి వెయ్యికి ఇంత అని ఇచ్చేవారు. ఆమె బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ళ కణుపులూ తాకుతూ లెక్కపెట్టేది. వేలికి మూడు చొప్పున ఒక చేతిలోనే పన్నెండు. కార్ఖానాలో ఎవరూ ఆమెను ఒక్క కట్ట కూడా మోసం చేయలేకపోయారు. ఆ వేళ్ళ లెక్కతో వచ్చిన కూలి డబ్బులతోనే నేను చదువుకున్నాను. చదువుకుని బడిలో చేరి, పిల్లల వేళ్ళ మీద కొట్టాను. ఇది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

చిన్నపిల్లలకు అంకె అంటే గాలిలో ఉండే వస్తువు. 'ఎనిమిది' అన్న మాటకు రూపం లేదు. వేళ్ళు ఆ మాటకు రూపం ఇస్తాయి. ఎనిమిది వేళ్ళు చూపినప్పుడు ఒక చెయ్యి నిండా, రెండో చేతిలో మూడు అని కంటికి కనిపిస్తుంది. పదికి ఇంకా రెండు కావాలని కూడా కనిపిస్తుంది. రేపు నోటి లెక్కకు పునాది అదే. స్విట్జర్లాండులోని లోజాన్ విశ్వవిద్యాలయం వారు 2024లో ఒక పరిశోధన ప్రచురించారు. అయిదారేళ్ళ పిల్లల్లో వేళ్ళు వాడనివారికి, వేళ్ళ మీద కూడడం పనిగట్టుకుని నేర్పించారు. అంతకు ముందు నూటికి 37 సరిగా చెప్పినవారు, నేర్చుకున్నాక 77 దాకా సరిగా చెప్పారట. మేం కొట్టి మాన్పించినదాన్ని వారు కూర్చోబెట్టి నేర్పించారు.

"మరి పెద్దయ్యాక కూడా వేళ్ళ మీదే చేస్తారేమో?" అని మీరడగవచ్చు. నేనూ అదే భయపడ్డాను. కానీ నడక నేర్చిన పిల్ల గోడ పట్టుకోవడం ఎవరూ చెప్పకుండానే మానేస్తుంది గదా? ఇదీ అంతే. అయిదుకు మూడు కలిపితే ఎనిమిది అని వందసార్లు వేళ్ళ మీద చూసిన పిల్లకు ఒకనాటికి చూడకుండానే తెలుస్తుంది. ఆ రోజు వచ్చేదాకా వేళ్ళను బల్ల మీద ఉండనివ్వండి. దాచుకోవలసి వచ్చిన పిల్ల సగం మనసు లెక్క మీద, సగం మనసు దాచడం మీద పెడుతుంది. పాపం ఆ సగం మనసుతో ఎంతని చేస్తుంది?

మన భాషలో ఉన్న సౌకర్యం

ఇక 27కు బదులు 72 రాసిన సంగతి. మొదట్లో నేనూ అజాగ్రత్త అనుకున్నాను. తర్వాత కూర్చుని ఆలోచిస్తే పిల్ల చేసింది సబబుగానే తోచింది. సత్తావీస్ అన్న మాటలో ముందు వినిపించేది ఏడు, తర్వాత ఇరవై. బావన్నలో ముందు రెండు, తర్వాత యాభై. చిన్ని చెవికి ఏది ముందు వినిపించిందో దాన్నే ముందు రాసింది. దాని చెవి బాగానే ఉంది, బుద్ధీ బాగానే ఉంది. మాట ఒక వరుసలో, రాత ఇంకో వరుసలో ఉన్నాయని దానికెవరూ చెప్పలేదు. అంతే. ఇక 29ని మరాఠీలో 'ఏకోణ్‌తీస్' అంటారు. ముప్పైకి ఒకటి తక్కువ అని అర్థం. ముప్పై పేరు వినిపిస్తుంటే రెండు రాయాలి! ఏడేళ్ళ పిల్ల తికమక పడిందంటే ఆశ్చర్యమేముంది?

ఈ ఇబ్బంది మరాఠీ పిల్లలకూ ఉన్నదే. 2019లో మహారాష్ట్రలో వచ్చిన రెండో తరగతి గణితం పుస్తకంలో ఏక్వీస్‌తో పాటు 'వీస్ ఏక్' అనే పద్ధతిని కూడా పెట్టారు. దాని మీద పత్రికల్లో, శాసనసభలో పెద్ద వాదోపవాదాలే జరిగాయి. భాషను పాడు చేస్తున్నారని కొందరన్నారు. గణిత సమితికి అధ్యక్షురాలుగా ఉన్న మంగళా నార్లీకర్ (1943–2023) గారు, పిల్లలకు జోడక్షరాల పేర్లు కష్టంగా ఉన్నాయనీ, దక్షిణాది భాషల్లో పదులు ముందు చెప్పే పద్ధతే ఉన్నదనీ వివరించారు. అది చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. ఇంతకాలం మన ఇళ్ళలోనే ఉన్న సౌకర్యాన్ని మనం గుర్తించలేదు!

తెలుగులో చూడండి. ఇరవై ఏడు. ముందు ఇరవై, తర్వాత ఏడు. రాసేదీ ఆ వరుసలోనే. పదకొండు నుంచి పందొమ్మిది దాకా కూడా పదే ముందుంటుంది. పదమూడు అంటే పది, మూడు. ఇంగ్లీషులో థర్టీన్ అంటే మూడు ముందు వచ్చి తర్వాత పది వస్తుంది. పైగా ఫిఫ్టీన్, ఫిఫ్టీ రెండూ ఒకేలా వినిపిస్తాయి. ఇంగ్లీషు మీడియంలో చదివే మన పిల్లలు 15, 50 తారుమారు చేస్తే అదే కారణం.

కర్ణాటకలో, తమిళనాడులో ఉన్న మనవారికి ఈ విషయంలో ఇబ్బంది తక్కువ. కన్నడంలో ఇప్పత్తేళు అన్నా, తమిళంలో ఇరుబత్తేళు అన్నా ఇరవయ్యే ముందు. ఒడిశాలో ఉన్నవారికి మా మహారాష్ట్ర వారి ఇబ్బందే. ఒడియాలోనూ ఒకట్ల మాటే ముందు వినిపిస్తుంది. ఇక యానాం వారి సంగతి వేరు. 1954 దాకా అక్కడ ఫ్రెంచి పాలన. ఫ్రెంచిలో తొంభై అనాలంటే 'నాలుగు ఇరవైలు, పది' అనే అర్థం వచ్చే మాట అనాలి! ఆ లెక్క నేర్చుకున్న పెద్దలు మీ ఇంట్లో ఉంటే పిల్లల చేత అడిగించండి. ఏ భాషలోనైనా తికమకలు ఉంటాయని, అవి తమ తెలివితక్కువ కాదని పిల్లలకు తెలుస్తుంది.

నేను చెప్పేదల్లా ఒకటే. బడిలో ఏ భాషైనా సరే, ఇంట్లో అంకెలు తెలుగులో కూడా చెప్పించండి. "రెండు భాషల్లో చెబితే గందరగోళం" అనేవారుంటారు. పక్కపక్కన పెట్టి తేడా చూపిస్తే గందరగోళం పోతుంది గానీ పెరగదు.

మా ఇంట్లో చేసినవి

మొదటిది, చీపురు పుల్లలు. కొత్త చీపురు నుంచి వంద పుల్లలు తీసి, సమానంగా తుంచి, పదేసి చొప్పున దారంతో కట్టలు కట్టించాను. కట్టడం చిన్ని చేతే చేయించాను. తాను కట్టిన కట్టలో పది ఉన్నాయని దానికి గట్టి నమ్మకం. మనం కట్టి ఇస్తే ప్రతిసారీ విప్పి చూస్తుంది. తర్వాత నేను "ఇరవై ఏడు" అంటే రెండు కట్టలు, ఏడు విడి పుల్లలు పెట్టాలి. పెట్టినదాన్ని చూసి 27 అని రాయాలి. రాశాక మరాఠీలో "సత్తావీస్" అనాలి. వరుస అదే – తెలుగు మాట, పుల్లలు, రాత, మరాఠీ మాట. కొన్నాళ్ళకు అదే అన్నది: "బాపమ్మా, మరాఠీల ఏడు ఉరికి ముందుకొస్తది, మన దాంట్ల వెనక నిలవడతది." ఇంతకన్నా బాగా నేను ముప్ఫై ఏళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు!

కూడికలకు, తీసివేతలకూ ఆ పుల్లలే. ముప్పై రెండులో అయిదు తీయాలంటే విడిగా రెండే ఉన్నాయి. ఏం చేయాలి? ఒక కట్ట దారం విప్పాలి. దీన్నే మేం బడిలో 'అప్పు తెచ్చుకోవడం' అనేవాళ్ళం. ఎవరి దగ్గర అప్పు, ఎప్పుడు తీర్చాలి అని పిల్లలు అడిగితే మా దగ్గర జవాబు ఉండేది కాదు. దారం విప్పిన పిల్లకు ఆ ప్రశ్నే రాదు.

రెండోది, అష్టాచెమ్మా. చింతగింజలను ఒకవైపు అరగదీసి తెల్లగా చేస్తే గవ్వల బదులు పనికొస్తాయి. నాలుగు గింజలు వేస్తే తెల్లవైపు పైకి ఎన్ని పడితే అన్ని గడులు. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్ట, ఎనిమిది. ఆడగా ఆడగా పిల్లలకు రెండు, మూడు అన్నవి లెక్కపెట్టకుండానే చూపుతోనే తెలుస్తాయి. ఇది చిన్న విషయం కాదు, లెక్కలకు మొదటి మెట్టు.

మూడోది, వాకిట్లో ముగ్గుతో గీసిన గళ్ళ వరుస. ఒకటి నుంచి పది దాకా అడ్డంగా ఒకే వరుస. వైకుంఠపాళి మంచిదే గానీ అందులో వరుస ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తిరుగుతుంది. చిన్నవారికి మొదట తిన్నని గీతే మేలు. అమెరికాలో రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి అనే పరిశోధకులు 2008లో ప్రచురించిన పరిశోధనలో బీద కుటుంబాల పిల్లల చేత ఇలాంటి ఒకటి నుంచి పది గళ్ళ ఆట ఆడించారు. పావుగంట, ఇరవై నిమిషాల చొప్పున నాలుగంటే నాలుగుసార్లు. అంతమాత్రానికే ఆ పిల్లలకు ఏ అంకె పెద్దది, ఏది ఎక్కడ ఉంటుంది అన్న తెలివిడి బాగా పెరిగింది. అంకెల బదులు రంగుల గళ్ళతో ఆడిన పిల్లలకు ఆ లాభం కలగలేదు. కాబట్టి గడిలో అంకె రాయండి, అడుగు వేసినప్పుడల్లా ఆ అంకె పైకి చెప్పించండి. మూడులో ఉన్న పిల్ల రెండు గడులు పోవాలంటే "ఒకటి, రెండు" అనకూడదు. "నాలుగు, అయిదు" అనాలి. అక్కడే కూడిక ఉంది.

నాలుగోది, "ఎట్లా చేసినవ్?" అన్న ప్రశ్న. తప్పు చెప్పినప్పుడే అడిగితే పిల్లలు ఆ ప్రశ్న వినగానే తప్పు అనుకుని జవాబు మార్చేస్తారు. సరిగ్గా చెప్పినప్పుడు కూడా అడగండి. ఎనిమిదీ అయిదూ పదమూడు ఎట్లా అని అడిగితే ఒకనాడు చిన్ని, "అయిదుల నుంచి రెండు తీసి ఎనిమిదికి ఇచ్చిన, పది అయింది, ఇంక మూడు" అన్నది. ఎవరూ నేర్పలేదు. వేళ్ళ మీద చూసి తెలుసుకుంది.

వీటన్నిటికీ రోజుకు పది నిమిషాలు చాలు. పిల్ల "ఇంకొక్క ఆట" అంటున్నప్పుడే ఆపండి. ఏడుపుతో ఆగిన రోజు మర్నాటికి కూడా చెడుతుంది.

పెద్దలకు నాలుగు మాటలు

మనం ఊరికే అనే మాటలు కొన్ని ఉన్నాయి. "నాకూ లెక్కలు వచ్చేవి కావు, మా పోలికే" అనేది ఒకటి. పిల్లను ఓదార్చడానికే అంటాం. కానీ పిల్లకు అది జాతకంలా వినిపిస్తుంది. ముక్కు తీరు లాగా, రంగు లాగా ఇదీ వంశంలో వచ్చిందనుకుంటుంది. "ఆడపిల్లకు లెక్కలెందుకు" అన్న మాట ఇంకా కొన్ని ఇళ్ళలో వినిపిస్తోందంటే నమ్ముతారా? బీడీల కట్టలతో ఇల్లు నడిపిన ఆడవాళ్ళ ఊరివాళ్ళం మేం.

"అన్నయ్య చూడు ఎంత తొందరగా చేశాడో" అనేది ఇంకొకటి. లెక్క పరుగుపందెం కాదు. మెల్లగా చేసి సరిగ్గా చెప్పిన పిల్లకు శెభాష్ అనండి. "నువ్వు తెలివైనదానివి" అనడం కంటే "కట్ట విప్పి చూశావు, బాగుంది" అనండి. ఏం చేస్తే బాగుందో దానికి తెలుస్తుంది, రేపు మళ్ళీ అదే చేస్తుంది.

మరో ముఖ్యమైన సంగతి. 2015లో చికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒకటి, రెండు తరగతుల పిల్లలను ఏడాది పాటు గమనించారు. లెక్కలంటే తమకే భయం ఉన్న తల్లిదండ్రులు తరచుగా పక్కన కూర్చుని ఇంటి లెక్కలు చేయిస్తే, ఆ పిల్లలు ఆ ఏడాది తక్కువ నేర్చుకున్నారు, భయమూ పెరిగింది. అంటే సాయం చేయవద్దని కాదు. ముందు మన భయం సంగతి మనం చూసుకోవాలి. పుస్తకం ముందు కూర్చుంటే మీ గొంతు పెరుగుతుందని మీకు తెలిస్తే, పుస్తకం మూసి చింతగింజలు తీయండి. ఆటలో ఎవరికీ గొంతు పెరగదు. పెరిగినా నవ్వుకోవచ్చు.

ఇంత చేసినా కొందరు పిల్లలకు కష్టంగానే ఉండవచ్చు. ముందు కళ్ళు, చెవులు పరీక్ష చేయించండి. నల్లబల్ల కనిపించక వెనకబడ్డ పిల్లలను నేను ఎందరినో చూశాను. అన్నీ బాగుండి, రెండో తరగతి దాటినా అయిదు పెద్దదా ఎనిమిది పెద్దదా అని తడబడుతుంటే, అంకెలను పోల్చుకోలేకపోతుంటే, డిస్కాల్క్యులియా అనే ఇబ్బంది ఉండవచ్చు. అది సోమరితనమూ కాదు, మందబుద్ధీ కాదు. పిల్లల వైద్యుని సలహాతో నిపుణులకు చూపిస్తే తగిన బోధన దొరుకుతుంది. కొట్టడం వల్ల మాత్రం ఏదీ నయం కాదు.

చివరగా

చిన్ని ఇప్పుడు లెక్కల్లో మొదటి స్థానంలో ఉందని రాస్తే మీకు సంతోషంగా ఉంటుంది గానీ అది నిజం కాదు. ఇప్పటికీ అప్పుడప్పుడు 72కు, 27కు తికమక పడుతుంది. పడినప్పుడు తానే ఆగి, తెలుగులో ఒకసారి గొణుక్కుని, దిద్దుకుంటుంది. "నాకు రావు" అన్న మాట మాత్రం వినిపించి చాలా రోజులైంది.

మా అబ్బాయి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఒక ఆదివారం మధ్యాహ్నం మేమిద్దరం అష్టాచెమ్మా ఆడుతుంటే వాడు వచ్చి కూర్చున్నాడు. వాడి వంతు వచ్చింది. మొదట అష్ట పడింది, మళ్ళీ వేస్తే మూడు పడింది. "మొత్తం ఎన్ని నాన్నా?" అని అడిగింది చిన్ని. వాడు చప్పున జవాబు చెప్పలేదు. నా వైపు ఒకసారి చూశాడు. అంత పెద్ద మనిషి, మీసం నెరుస్తున్న మనిషి, నా వైపు చూసిన ఆ చూపు మూడో తరగతి పిల్లవాడిదే. చిన్ని వాడి చెయ్యి పట్టుకుని నేల మీద పెట్టి, "దాచకు నాన్నా, ఇట్ల పెట్టి చెయ్యి. దొంగ లెక్క కాదంట, బాపమ్మ చెప్పింది" అన్నది. వాడు వేళ్ళు చాపాడు. "ఎనిమిది... తొమ్మిది, పది, పదకొండు" అన్నాడు.

ఆ రాత్రి వాడికి అన్నం పెడుతూ, "ఆనాడు నేను చేసింది తప్పు బిడ్డా" అన్నాను. "ఇప్పుడెందుకమ్మా అవన్నీ" అని తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. కాసేపటికి, "రేపు దుకాణంల బిల్లు నేనే కూడుత" అన్నాడు.

మా బడిలో నా దగ్గర చదువుకున్నవారు ఎవరైనా ఈ పత్రిక చదువుతుంటే, వారికీ ఇదే మాట. 'దొంగ లెక్క' అన్న మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. దయచేసి మీ పిల్లలకు దాన్ని అందించకండి.

మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు ఎలా లెక్కపెట్టేవారో, కణుపుల మీదనా, గింజలతోనా, గోడ మీద గీతలతోనా, రాసి పంపండి. పిల్లల చేత రాయిస్తే ఇంకా మంచిది. వచ్చే సంచికలో ఆ ఉత్తరాలతోనే ఈ శీర్షిక నింపుదాం. అంతవరకు సెలవు.